శాకరిన్ కాసులమ్మ

9 ఏప్రిల్ 2001, సోమవారం

ఇవాళ కుళాయి దగ్గర జగ్గమ్మ నా బిందెను కాలితో పక్కకు జరిపింది. చేత్తో కాదు, కాలితో. గార్డెన్ రీచ్ బస్తీకి వచ్చిన నాటి నుంచి గోడ పంచుకుని బతుకుతున్న మనిషి.

"మొగుడికి ఇన్నేళ్లూ శాకరిన్ నీళ్లు తాగించినావు. ఒంటేలు సంచిలో కాన్సరు రాక ఏటొస్తాది?" అంది. అందరూ వింటుండగా అంది.

"నానూ తాగినాను. నాకెందుకు రానేదు?" అన్నాను.

"వస్తాది. ఆగు."

నేను ఆగలేదు. వరస తప్పించి మరీ బిందె నింపుకుని వచ్చాను.

మా కొడుకు మల్లేశుకి తెలుగు మాట్లాడటమే కానీ చదవడం రాదు. మా ఆయనకు ఏ భాషా చదవడం రాదు. జగ్గమ్మది వేలిముద్ర. తెలుగులో నేనేం రాసుకున్నా ఈ బస్తీలో అడిగేవాడు లేడు. సోంపేటలో ఎనిమిదో తరగతి దాకా చదివినందుకు ఇప్పటికి పని తగిలింది.

ఈ మాట పుట్టింది ఫ్యాక్టరీ డాక్టరు దగ్గర. చలి వెళ్లినప్పటి నుంచి ఆయనకు ఒంటేలు ఎర్రగా పడుతోంది. పెద్దాసుపత్రిలో గొట్టం వేసి చూసి కాన్సరన్నారు. సెలవు కాగితం మీద సంతకం కోసం నది దాటి, షాలిమార్ పక్కన ఆయన పనిచేసే రంగుల ఫ్యాక్టరీకి వెళ్లాం. అక్కడి డాక్టరు ఆయన్ని ఒక్క ముక్క అడగలేదు. నా వైపు తిరిగి నువ్వేం చేస్తావన్నాడు. డాక్ గేటు దగ్గర షర్బత్ బండి అన్నాను. చక్కెరా, శాకరినా అన్నాడు. శాకరినే అన్నాను. దాచడానికేముంది, ఆ వరసలో బళ్లన్నీ అదే వేస్తాయి, తాగేవాళ్లకూ తెలుసు. డాక్టరు పెన్ను మూసి నవ్వాడు.

"ఇంకేం, దొరికింది కదా. ఎలుకల మీద ఎప్పుడో రుజువైంది" అన్నాడు బెంగాలీలో.

మేం తిరుగు ఫెర్రీ దిగేసరికి ఆ మాట మాకంటే ముందే బస్తీకి చేరింది. ఇప్పుడు నా పేరు శాకరిన్ కాసులమ్మ.

సరే. రేపు కూడా బండి పెడతాను.

11 ఏప్రిల్

బేరం లేదు. మబ్బు పట్టింది, అందుకే.

12 ఏప్రిల్

బేరం లేదు. ఎండ మాడ్చేసింది. పరీక్షల రోజులు, జనం బయటకు రావడం లేదేమో. డాక్ కూలీలకు పరీక్షలేమిటో నాకే తెలియదు.

15 ఏప్రిల్, ఆదివారం

బెంగాలీల కొత్త సంవత్సరం. ఏటా ఈ రోజు మంచు దిమ్మ మధ్యాహ్నానికే అయిపోయి మళ్లీ తెప్పించేదాన్ని. ఇవాళ సాయంత్రానికి సగం దిమ్మ కరిగి కాలవలోకి పోయింది. ఒక పిల్ల నా బండి దగ్గర ఆగితే వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని లాగేసింది. ఆ అమ్మ పెళ్లి కాకముందు నా దగ్గర రోజూ తాగేది.

నేను ఒక పెద్ద గ్లాసు నింపి, బండి ముందుకు వచ్చి నిలబడి, నింపాదిగా తాగాను. డాక్ గేటు వాచ్‌మన్ చూశాడు, బాదం బండివాడు చూశాడు. ఇంకో గ్లాసు కూడా తాగాను. ఇక నుంచి రోజూ ఇలాగే. నాకు కాన్సరు వచ్చేదాకా చూస్తూ కూర్చోమనండి.

ఇంటికొచ్చాక మల్లేశు ఆటో తాళం చెవి తిప్పుతూ గుమ్మంలోనే నిలబడ్డాడు. వాడు తిన్నగా మాట్లాడలేనప్పుడు అలాగే తిప్పుతాడు.

"అమ్మా, బండి మానెయ్యే. నా ఆటో ఉంది కదా. స్టాండులో అందరూ అడగతన్నారు, తోర్ మా నాకి, ఆవిడ మీ అమ్మేనంట కదా అని."

"ఏటని అడగతన్నారు?"

వాడు తాళం చెవి జేబులో వేసుకున్నాడు.

"ఇప్పుడు మానేస్తే ఒప్పుకున్నట్టేరా" అన్నాను. "మీ నాన్నని నానే సంపినానని ఒప్పుకున్నట్టు."

"నాన్న బతికే ఉన్నాడు" అని లోపలికి వెళ్లిపోయాడు.

నిజమే. నేనే తొందరపడి ఆ మాటన్నాను. ఆయన బాగానే ఉన్నాడు. రాత్రి చేపల పులుసుతో రెండుసార్లు అన్నం కలుపుకున్నాడు.

20 ఏప్రిల్, శుక్రవారం

గొట్టం లోపలికి పంపి గడ్డను గీకి తీసేశారు. ఆపరేషను బాగా జరిగిందన్నారు.

ఆసుపత్రి కిటికీలో పేరు అడిగితే చెప్పక తప్పలేదు. పెళ్లైన ఇన్నేళ్లలో నా నోటితో ఆ పేరు పలకడం అదే మొదలు. ఇక రాయడానికి మాత్రం సిగ్గెందుకు. గురువులు. మా ఆయన పేరు గురువులు.

వార్డులో మన తెలుగు డాక్టరమ్మ ఉంది. పేరు అరుంధతి. రాజమండ్రి పిల్ల, పై చదువుకని ఇక్కడికొచ్చింది. గురువులు మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. డాక్టరు కూర్చుని మాట్లాడటం నేను చూడలేదు ఎప్పుడూ.

"మీరు ఏం పని చేస్తారండి?" అంది.

"రంగుల ఫేక్టరీ అమ్మా. పొడి షెడ్డు" అన్నాడు గురువులు.

"పొడి షెడ్డులో ఏం చేస్తారు?"

"డ్రమ్ము మూత తీసీడం, పొడి పారతో తీసి తొట్టిలో ఏసీడం, కలిపీడం. మొదట్లో అంతా సేతుల్తోనే. ఆ పాత పొడి ఇప్పుడు రాట్లేదమ్మా, గవర్మెంటు బందు సేసిందంట."

"ఒంటికి అంటేదా?"

ఆయన నవ్వి ఊరుకుంటే నేను చెప్పాను. "అంటడమేటమ్మా. రాత్రి పడుకుంటే దుప్పటి మీద మనిషి అచ్చు నీలంగా పడేది. తుమ్మితే ఒకరోజు ఎరుపు, ఒకరోజు పచ్చ. మా బస్తీలో హోలీ ఆడనోడు ఈయనొక్కడే, రోజూ హోలీ కదా అని."

డాక్టరమ్మ నవ్వలేదు. ఆయన బీడీలు ఎన్నాళ్లుగా కాలుస్తున్నాడో అడిగింది. అదీ రాసుకుంది. బీడీ ఊసెత్తేసరికి నాకు కోపం వచ్చింది. ఎవరి దగ్గరికెళ్లినా చివరికి తప్పు మా ఇంట్లోనే దొరుకుతుంది.

ఆగలేక నేనే అడిగేశాను. "అమ్మా, శాకరిన్ వల్లే వచ్చిందంటన్నారు. సెప్పండి. వచ్చిందంటే వచ్చిందనండి."

"ఎవరన్నారు?"

"ఫేక్టరీ డాక్టరు. ఎలకలకి వచ్చిందంట."

ఆమె స్టూలు నా వైపు జరుపుకుని నెమ్మదిగా చెప్పింది. "ఎలుకలకి వచ్చిన మాట నిజమేనమ్మా. కానీ వాటికి పెట్టింది మనిషి జన్మలో తినలేనంత. పైగా ఎలుక మూత్రం తీరు వేరు, మనది వేరు. తర్వాత మనుషుల్ని ఏళ్ల తరబడి చూశారు. శాకరిన్ తిన్నవాళ్లకి ఈ జబ్బు ఎక్కువ వచ్చినట్టు తేలలేదు. అమెరికా వాళ్లు కాన్సర్ తెచ్చేవాటి జాబితాలోంచి కిందటేడే దాన్ని తీసేశారు. కొన్ని రంగు పొడుల సంగతి అలా కాదు. అవి మూత్రాశయానికి కాన్సర్ తెస్తాయని చాలా కాలంగా తెలుసు. ఆ పని వదిలేసిన పదేళ్లకీ ఇరవయ్యేళ్లకీ కూడా బయటపడుతుంది. బీడీ దానికి తోడు. మీ ఆయనకి ఫలానా దానివల్లే వచ్చిందని నేను ప్రమాణం చేసి చెప్పలేను. కానీ ఎవరైనా ముందు అడగాల్సింది ఏం పని చేశావనే."

నాకు ఆ వార్డులోనే గట్టిగా అరవాలనిపించింది. అరవలేదు.

డాక్టరమ్మ తర్వాత ఇంకేదో చెప్పింది, నేను వాడే శాకరిన్ డబ్బా గురించి. అది తర్వాత రాస్తాను.

21 ఏప్రిల్

కుళాయి దగ్గర అందరికీ చెప్పాను, డాక్టరమ్మ ఏమందో. జగ్గమ్మ నోట్లో పేస్టు ఉమ్మి, "డాక్టర్లు కూడా మనూరోళ్లయితే మన మాటే సెప్తారు" అంది.

బేరం లేదు. రెండు గ్లాసులు తాగాను.

12 మే, శనివారం

ఓట్ల గోల అయిపోయింది. గోడల నిండా ఎర్ర రాతలు. కోదండం వచ్చాడు.

కోదండం మా వాడే, ఇచ్ఛాపురం వైపు. ఫ్యాక్టరీలో యూనియన్ మనిషి. ఆయనకు సెలవు ఇప్పించిందీ ఇతనే. నారింజలు తెచ్చి గురువులు మంచం మీద పెట్టాడు. కాసేపు ఊరి కబుర్లు చెప్పి, నా వెనకే వంటింట్లోకి వచ్చాడు.

"వదినా, ఆసుపత్రిలో డాక్టరమ్మ పని గురించి ఏదో రాసిందంట కదా."

"రాసింది. పొడి షెడ్డని రాసింది."

"ఆ కాగితం పైకెల్తే ఇనస్పెక్టరొస్తాడు. ఆడొస్తే మాలిక్‌కి అదే సాకు. గేటుకి తాళం ఏసీసి పోతాడు. ఈ నదొడ్డునే ఎన్ని మిల్లులు మూసీసినారో నువ్వు సూడనేదా? మూడొందల ఇళ్లు, వదినా."

"మరి శాకరిన్ వల్లొచ్చిందంటే తాళం పడదు కదూ" అన్నాను.

కోదండం తల దించుకున్నాడు. "నాను ఆ మాట అన్నేదు."

"ఎవరన్నా అంటే కాదన్నావా?"

"నేదు."

టీ ఇచ్చాను. చక్కెర వేసే ఇచ్చాను. సగం తాగి వెళ్లిపోయాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు సుఖంగా ఉండేది.

19 మే

కూర్మయ్య గుర్తొచ్చాడు. పొడి షెడ్డులోనే గురువులుతో పాటు తొట్టి కలిపేవాడు. ఏడాదిన్నర కిందట పోయాడు. ఏం జబ్బో ఎవరూ చెప్పుకోలేదు, కిడ్నీ అన్నారు. ఇవాళ నది దాటి షాలిమార్ యార్డు వెనక వాళ్లింటికి వెళ్లాను. అతని భార్య నరసమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"ఎర్రగా వచ్చీదా?" అని అడిగాను.

"సంవచ్ఛరం పాటు" అంది. "పాన్ రంగంటా నాకు అబద్ధం సెప్పీవోడు."

కూర్మయ్య ఇల్లూ, ఫ్యాక్టరీ రెండూ అవతలి ఒడ్డునే. గార్డెన్ రీచ్‌కి ఎప్పుడూ రాలేదు. నా షర్బత్ చుక్క కూడా అతని నోట్లో పడలేదు.

నరసమ్మను పట్టుకుని ఏడ్చాను. ఆమె మొగుడి కోసం అనుకుంది. కాదు. నాకు సంతోషం వేసింది. అలాంటి సంతోషం ఏ ఆడదానికీ వద్దు.

3 జూన్

పాకిందన్నారు. ఎముకల్లోకి.

పొరపాటు పడి ఉంటారు. మళ్లీ ఫోటో తీస్తే తెలుస్తుంది.

10 జూన్, ఆదివారం

మళ్లీ ఫోటో తీయలేదు. అవసరం లేదన్నారు.

గురువులు వరండాలో కూర్చుంటానన్నాడు. మల్లేశు ఎత్తుకొచ్చి గోడకు దిండు పెట్టి కూర్చోబెట్టాడు. మనిషి ఎంత తేలికైపోయాడో మల్లేశు ముఖం చూస్తే తెలిసింది. ఉక్కగా ఉంది. నేను బండికి మంచు చితక్కొడుతున్నాను.

"ఒసే, ఓ గ్లాసు ఇయ్యి" అన్నాడు.

నిమ్మకాయ పిండాను, ఉప్పు వేశాను, మంచు వేశాను. శాకరిన్ డబ్బా మూత తీశాను. నా చెయ్యి ఆగింది. ఎంతసేపూ కాదు, కంటి రెప్ప వేసినంత సేపు. డాక్టరమ్మ చెప్పింది విన్నాను, నరసమ్మ చెప్పింది విన్నాను, అయినా ఆగింది.

ఆయన చూశాడు.

"నువ్వు కూడానేటే?" అన్నాడు.

ఎప్పుడూ వేసేంత వేసి ఇచ్చాను. వీధిలో వాళ్లందరూ చూస్తుండగా తాగాడు. గొంతు దిగడం కష్టంగా ఉంది, అయినా అడుగు దాకా తాగాడు. జగ్గమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఖాళీ గ్లాసు ఆమె వైపు ఎత్తి చూపించాడు.

"జగ్గమ్మా, మా ఆవిడ సెయ్యి బాగుంటాది. నువ్వూ ఓ గ్లాసు తాగు" అన్నాడు.

జగ్గమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఆయన నవ్వాడు, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నేను వంటింట్లోకి వెళ్లి, ఆగిన ఆ చేతిని రోటి మీద కొట్టుకున్నాను.

28 జూన్

పోయాడు. తెల్లవారుజామున. నేను పక్కనే ఉన్నాను.

11 జూలై

కార్యం అయింది. వచ్చినవాళ్లలో కొందరు మా ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు. వడ్డించిన ఆకులు మడిచి లేచిపోయారు. మల్లేశు ఆ ఆకులు తీస్తూ ఏడ్చాడు. నేను ఏడవలేదు. ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో చూసుకున్నాను. కోదండం తిన్నాడు. నరసమ్మ నది దాటి వచ్చి తిన్నది.

జగ్గమ్మ రాలేదు. మంచిదే అయింది.

13 జూలై

మంచిదే అయిందని రాశాను కానీ, ఆమె వస్తుందని ఒక ఆకు అట్టేపెట్టాను.

16 జూలై, సోమవారం

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను, ఆయన కాగితాల కోసం. ఒక మాట అంది. "ఆ షెడ్డులో పనిచేసినవాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారమ్మా? మానేసినవాళ్లు కూడా. ముందే పట్టుకుంటే చాలామందికి గీకి తీసేస్తే సరిపోతుంది. మీ ఆయన ఆలస్యంగా వచ్చారు. ఫ్యాక్టరీకి రాస్తే జవాబు రాదు. మీరు చెబితే వింటారేమో."

"నా మాటా? నాను శాకరిన్ కాసులమ్మని" అన్నాను.

"అయితే అందరికీ తెలిసినవాళ్లే కదా" అంది.

18 జూలై

బండి డాక్ గేటు దగ్గర వదిలేసి, ఒక క్యానులో షర్బత్, గ్లాసులు సంచిలో వేసుకుని ఫెర్రీ ఎక్కాను. వాన. వానలో షర్బత్ ఎవరు తాగుతారని ఫెర్రీలో ఒకడన్నాడు. తాగించడానికి కాదు వెళ్లింది.

ఫ్యాక్టరీ గేటు ఎదురుగా టీ కొట్టు రేకు కింద నిలబడ్డాను. షిఫ్టు వదిలారు. ఒక్కొక్కడినీ ఆపి అడిగాను. తెలుగువాళ్లను తెలుగులో, బెంగాలీలను బెంగాలీలో, బీహారీలను హిందీలో. పొడి షెడ్డులో చేశావా? ఎప్పుడైనా ఒంటేలు ఎర్రగా వచ్చిందా?

పెద్ద నవ్వు. ఒకడు గొడుగు అడ్డం పెట్టుకుని పారిపోయాడు. గురువులు పెళ్లానికి మతి పోయిందన్నారు. వెంకటరత్నం అని తుని వాడు, పెద్దమనిషి, రిటైరుకి దగ్గర పడినవాడు, దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

"అమ్మా, ఆడదానివి. బజార్లో మగోళ్లని అడిగే మాటేనా ఇది?"

"మగోళ్లు ఒకర్నొకరు అడుక్కునుంటే నాను అడగక్కర్నేకపోను" అన్నాను.

19 జూలై

అడిగాను. నవ్వారు.

20 జూలై

అడిగాను. గేటు కాపలావాళ్లు రేకు కిందనుంచి వెళ్లగొట్టారు. రోడ్డు ప్రభుత్వానిది కదా అని రోడ్డు మీద నిలబడ్డాను. క్యాను తన్నేశారు. నిమ్మతొక్కలు వానలో కొట్టుకుపోయాయి.

ఇంటికి రాగానే మల్లేశు నా చీర అంచు చూశాడు, మోకాలు చూశాడు. రేపు నేను దింపుతానన్నాడు. ఫెర్రీ వద్దు, వంతెన మీదుగా ఆటోలో.

"ఆటోలు ఆ వంతెన ఎక్కనివ్వర్రా."

"అయితే ఫెర్రీలో నానూ వస్తాను" అన్నాడు.

27 జూలై, శుక్రవారం

మల్లేశు పక్కన నిలబడుతున్నాక నవ్వడం తగ్గింది. వాడు ఎవరినీ ఏమీ అనడు. క్యాను పట్టుకుని నిలబడతాడు అంతే.

ఇవాళ హరధన్ అనే బెంగాలీ ఆయన, షెడ్డులో గురువులు తర్వాత చేరినవాడు, అందరూ వెళ్లిపోయేదాకా టీ కొట్టులో కూర్చున్నాడు. తర్వాత వచ్చి నా చేతి షర్బత్ గ్లాసు అడిగి తీసుకున్నాడు. తాగుతూ అటు చూస్తూ, నన్ను వదినా అని పిలిచి బెంగాలీలో అన్నాడు.

"బౌది, నాకు పాన్ అలవాటు. ఆ రంగు కిందికి దిగుతుందా?"

నాకు కూర్మయ్య గుర్తొచ్చాడు. ఇద్దరు మగవాళ్లు, రెండు భాషలు, ఒకటే అబద్ధం.

"దిగదు దాదా" అన్నాను. "రేపు నాతో రండి."

2 ఆగస్టు

హరధన్‌కి ఉంది. చిన్నది. డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది. చిన్నది అని మళ్లీ మళ్లీ చెప్పింది. వచ్చే వారం గీకి తీసేస్తారు. హరధన్ మెట్ల మీద కూర్చుండిపోతే ఆయన భార్య నా రెండు చేతులూ పట్టుకుంది.

సాయంత్రం గేటు దగ్గర నేను ఎవర్నీ ఆపక్కర్లేకపోయింది.

5 ఆగస్టు, ఆదివారం

కోదండం ఇంటికొచ్చాడు. ఈసారి నారింజలు లేవు. లోపలికి రమ్మంటే రాకుండా వరండాలో, గురువులు కూర్చున్న చోటే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మళ్లీ తాళం గురించే వాదిస్తాడని నా జవాబులన్నీ సిద్ధంగా పెట్టుకున్నాను.

"వదినా, యూనియన్‌లోకి రాకముందు నానూ షెడ్డులోనే సేసినాను. అన్నయ్యకి పార పట్టడం నేర్పింది నానే."

నా జవాబులేవీ దీనికి పనికిరాలేదు.

"ఎర్రగా వస్తందా?" అన్నాను.

ఎవరో సైకిల్ మీద చేపలు అరుచుకుంటూ పోయారు.

"అన్నయ్య మంచాన పడ్డప్పట్నుంచే వస్తంది" అన్నాడు.

అంటే నా వంటింట్లో నిలబడి మూడొందల ఇళ్ల గురించి చెప్పిన రోజున కూడా వస్తోంది. తిట్టాలనుకున్నాను. మనిషి మోకాళ్లు దగ్గరికి లాక్కుని ముడుచుకున్నాడు.

"తాళం పడితే?" అన్నాడు.

"పడితే పడనీ. తాళం పడ్డ గేటు ముందు బతికున్నోళ్లు ధర్నా సేస్తారు. సచ్చినోళ్లు సెయ్యరు. నువ్వు యూనియనోడివి, ఈ మాట నాను నీకు సెప్పాలా?"

లేచి చెప్పులు వేసుకుంటూ, "ఈ మంగళవారం కాదు, పై మంగళవారం. అందర్నీ ఆసుపత్రికి నానే తీసుకొస్తాను" అన్నాడు.

6 ఆగస్టు

శాకరిన్ మానేశాను.

ఏప్రిల్లో తర్వాత రాస్తానన్నది ఇప్పుడు రాస్తున్నాను. డాక్టరమ్మ ఆ రోజు అడిగింది: మీరు వాడేది ఎక్కడ కొంటారు, డబ్బా మీద ఏం రాసి ఉంది అని. ఏమీ రాసి లేదు. బడాబజార్‌లో లూజు పొడి, కాగితంలో పొట్లం కట్టి ఇస్తాడు. హౌరాలో లోహాలకు మెరుపు పూత పెట్టే షాపులవాళ్లు కూడా అదే కొట్లో అదే బస్తా నుంచి కొంటారు. "శాకరిన్ సంగతి వేరు, మీ పొట్లం సంగతి వేరు" అంది డాక్టరమ్మ. "అది తినే రకమో, పూతలకు వాడే రకమో, అందులో ఇంకేం కలిసిందో నేను చెప్పలేను. చంటిపిల్లలు తాగుతారు. ఏముందో తెలియకుండా అలాంటిది పొయ్యకండి."

ఆ మాట నాకు అప్పుడే అర్థమైంది. కానీ అప్పుడు మానేస్తే జగ్గమ్మ గెలిచేది. ఫ్యాక్టరీ డాక్టరు గెలిచేవాడు. ఇప్పుడు నన్ను మానెయ్యమని ఎవరూ అడగడం లేదు. అందుకే మానేశాను. పొట్లం చింపి కాలవలో పోశాను. గ్లాసు చిన్నది చేసి చక్కెర వేస్తాను. తాగేవాళ్లు తాగుతారు.

జగ్గమ్మ చూసింది. "అదేటి, పారబోసినావు?" అంది.

"నా ఇష్టం" అన్నాను.

"ఆ సక్కెరతో ఓ గ్లాసు కలుపు" అంది. కలిపి ఇచ్చాను. తీపి సరిపోలేదంది. మళ్లీ వేశాను. తాగి ఖాళీ గ్లాసు నా చేతికిచ్చింది.

14 ఆగస్టు, మంగళవారం

వెంకటరత్నం వస్తాడని అనుకోలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందు ఫెర్రీ ఘాటులో నిలబడి ఉన్నాడు. కోదండం వెనక హరధన్, సత్తార్ మియా, రఘురాం, పేర్లు తెలియని బీహారీలు, ఎప్పుడో పని మానేసిన ముసలివాళ్లిద్దరిని మోసుకొచ్చిన వాళ్ల కొడుకులు. బాబూఘాట్‌లో దిగి ఆసుపత్రి దాకా నడిచాం. ఎవరూ నవ్వలేదు. ఒకడు మాత్రం అన్నాడు, ఇంతమంది మగవాళ్లం ఒంటేలు పోయడానికి ఊరేగింపుగా వెళ్లడం ఈ ఊళ్లో ఇదే మొదటిసారని. అప్పుడు కోదండం కూడా నవ్వాడు.

డాక్టరమ్మ ఒక్కొక్కరి చీటీ మీదా ముందు ఒకటే మాట రాసింది, పొడి షెడ్డు అని, ఎన్నేళ్లు అని. రాసినవన్నీ ఒక కట్టగా కార్మిక శాఖకు పంపుతానంది. కోదండం తన చీటీ చదువుకుని, "ఆ కట్టతో పాటు యూనియన్ కాగితం కూడా ఎల్తాది" అన్నాడు. తాళం సంగతి ఎవరూ ఎత్తలేదు. అందరికీ గుర్తుంది.

తగాదా పడింది అంతకుముందు, టికెట్టు కిటికీ దగ్గర. గుమాస్తా బాబు కళ్లద్దాల మీదుగా చూస్తాడు. పేషెంటుతో వచ్చినవాళ్లు ఎవరు, ఏమవుతారు, చెప్పకపోతే టికెట్టు లేదంటాడు. ముందు కోదండం.

"ఎవరొచ్చారు?"

"ఆవిడే. మా వదిన."

తర్వాత హరధన్. "బౌది" అన్నాడు నన్ను చూపించి. సత్తార్ మియా, "భాభీ" అన్నాడు. బీహారీ కుర్రాళ్లు చాచీ అన్నారు, పిన్నినట. వెంకటరత్నం గొంతు సవరించుకుని, "మా అప్ప" అన్నాడు. అక్కనట. అతను నాకంటే పెద్ద.

గుమాస్తా పెన్ను కింద పెట్టేశాడు.

"ఇదేం తమాషా? ఒకే మనిషి ఇంతమందికి ఇన్ని ఎలా అవుతుంది? ఏదో ఒకటి చెప్పండి, అదే అందరికీ రాస్తాను."

కిటికీ ఊచలు పట్టుకుని ముందుకు వంగాను.

"ఒకటి కుదరదు బాబూ" అన్నాను బెంగాలీలో. "ఎవరు చెప్పింది వాళ్లకు రాయండి. మాకు తొందర లేదు."

ఆయన వరస చివరికంటా చూశాడు. అది మెట్లు దిగి, వానలోకి వెళ్లి, గేటు దగ్గర మలుపు తిరిగింది. పెన్ను మళ్లీ తీశాడు.